ఇంటిపేరు చెప్పు ఊరి కథ
(గంటి, నేదునూరి మొదలైన కోనసీమ ఇంటిపేర్లు)

శతజయంతి సంచికలలో ఏ దేవాలయము ఎప్పుడు కట్టబడినది, ఏ దొరగారు ఏ సంవత్సరమున వచ్చిరి, ఏ అయ్యగారు ఏ సంఘములో ఎన్నేండ్లు పనిచేసిరి అను సంగతులకు ముందుగా చోటు దొరకును. అవి వ్రాయవలసినవే. కాని ఆ దేవాలయములలో మొదట చాపల మీద, తరువాత బల్లల మీద తరతరములుగా కూర్చున్న కుటుంబముల చరిత్ర ఎక్కడ దొరకును? వారికి శిలాఫలకములు లేవు. వారి తాతలు దినచర్యలు వ్రాసికొనలేదు. అయినను వారు మనకు ఒక శాసనము విడిచి వెళ్లిరి. బాప్తిస్మపు రిజిస్టరులో, పెండ్లి పుస్తకములో, సమాధి రాతి మీద ప్రతివాని పేరుకు ముందు అది నిలిచియున్నది. అదే ఇంటిపేరు. ఈ వ్యాసములో ఆ శాసనమును చదువుటకు ప్రయత్నింతుము.

మన కోనసీమలో కొత్తవాడు కనబడినచో రెండవ ప్రశ్నయే, “తమరి ఇంటిపేరేమిటండి?” ముక్తేశ్వరము రేవులో పడవ కొరకు నిలుచున్నవారు కూడ కోటిపల్లి గట్టు చేరులోగా ఈ ప్రశ్న ముగింతురు. అడుగువానికి ఊరు కావలెనా, బంధుత్వము కావలెనా, కులము కావలెనా అనునది అడిగిన తీరును బట్టి తెలియును. చాలసార్లు మూడవదే. అందుచేత మన యువకులలో కొందరు ఇంటిపేరును ఒక అక్షరములోనికి కుదించి దాచుకొనుచున్నారు. కొందరు పూర్తిగా విడిచిపెట్టుచున్నారు. వారి బాధ మాకు తెలియును. కాని ఇంటిపేరు నిజముగా కులమునే చెప్పునా? మేము పరిశీలించినంత వరకు అది చెప్పునది వేరు.

ఎంత పాతవి?

ఇంటిపేర్లు తెలుగునాట నిన్న మొన్న పుట్టినవి కావు. కాకతీయుల కాలమునాటి శాసనములలో రేచెర్ల, మల్యాల, గోన, చెరకు, విరియాల అను కుటుంబముల పేర్లు కనబడును. పాలంపేటలో 1213లో రామప్ప దేవాలయము కట్టించినవాడు రేచెర్ల రుద్రుడు. రంగనాథ రామాయణము వ్రాసినవాడు గోన బుద్ధారెడ్డి. మహాభారతమును తెలిగించిన తిక్కన ఇంటిపేరు కొట్టరువు. ధాన్యము నిలువచేయు కొట్టు అని ఆ మాటకు అర్థము. బమ్మెర పోతనకు, తెనాలి రామకృష్ణునకు ఊళ్లే ఇంటిపేర్లయినవి.

ఇతర దేశములలోను ఇట్లే జరిగినది. ఇంగ్లండులో 1066 నాటి నార్మనుల విజయము తరువాత మూడు నాలుగు వందల యేండ్లలో ఇంటిపేర్లు స్థిరపడినవి. కమ్మరి స్మిత్ అయ్యెను, రొట్టెలు కాల్చువాడు బేకర్ అయ్యెను, కొండ దగ్గరివాడు హిల్ అయ్యెను. టర్కీ దేశములోనైతే 1934లో చట్టము చేసి ప్రజలందరు ఇంటిపేరు పెట్టుకొనవలెనని ఆజ్ఞాపించిరి. బైబిలు కాలమునాటి యూదులకు మనవంటి ఇంటిపేర్లు లేవు. ఒకే పేరు గలవారిని వేరుచేయుటకు తండ్రి పేరు గాని, ఊరు గాని, పని గాని చేర్చి చెప్పెడివారు. అరిమతయియ యోసేపు, మగ్దలేనే మరియ, తార్సువాడైన సౌలు అనునవి ఊరి వలన వచ్చినవి. చర్మకారుడైన సీమోను, కంచరివాడైన అలెక్సంద్రు అనునవి పని వలన వచ్చినవి. మన ప్రభువును లోకము పిలిచినది కూడ ఒక చిన్న ఊరి పేరుతోనే. ఆ ఊరి పేరు వినగానే నతనయేలు పెదవి విరిచిన సంగతి చదువరులు ఎరుగుదురు. ఊరి పేరు విని మనిషిని తూచుట అంత పాత అలవాటు.

మన గోదావరి డెల్టాకు వచ్చిన దొరల పేర్లు చూడుడు. 1836లో ఇంగ్లండులోని డెవన్ ప్రాంతమునుండి వచ్చి, నరసాపురము వైపు సువార్త పని ప్రారంభించినవారు బౌడెన్, బీర్ అను ఇద్దరు. ఆ రెండును నైరుతి ఇంగ్లండులోని చిన్న చిన్న ఊళ్ల పేర్లే. 1847 నుండి 1852 వరకు ధవళేశ్వరము ఆనకట్ట కట్టించి, నేటికిని కోనసీమ ఊరూర విగ్రహమై నిలిచిన ఆర్థర్ కాటన్ దొరగారి ఇంటిపేరుకు పత్తితో సంబంధము లేదు. అదియు ఊరి పేరే. పాకలున్న చోటు అని దాని మూలార్థము. మన పొలములకు నీరిచ్చిన దొరగారి పూర్వులు ఏదో ఒక పాకల పల్లెనుండి వచ్చినవారే అన్నమాట.

ఊరు విడిచినవానికే ఊరిపేరు

తెలుగువారి ఇంటిపేర్లలో ఊళ్లనుండి వచ్చినవి చాల ఎక్కువ. గ్రామనామములను, ఇంటిపేర్లను గూర్చి ఆచార్య యార్లగడ్డ బాలగంగాధరరావు మొదలైన పండితులు విశేషముగా కృషి చేసిరి. ఇక్కడ ఒక చిన్న కీలకము గమనింపవలెను. నేదునూరులో పుట్టి నేదునూరులోనే ఉన్నవానిని ఎవరును ‘నేదునూరి వాడు’ అని పిలువరు. ఆ ఊరిలో అందరును నేదునూరి వారే గదా! అతడు ఊరు విడిచి వేరొక చోట కాపురము పెట్టినప్పుడు అక్కడివారు “నేదునూరి నుండి వచ్చినవారు” అందురు. అతని కొడుకుల నాటికి “నేదునూరి వారు” అగుదురు. మనుమల నాటికి అది ఇంటిపేరగును. కాబట్టి ఊరి పేరు గల ఇంటిపేరు విన్నప్పుడు మనము రెండు సంగతులు గ్రహింపవచ్చును: ఆ కుటుంబము ఒకప్పుడు ఆ ఊరిలో ఉన్నది; ఆ తరువాత ఆ ఊరు విడిచినది. ఇంటిపేరు ఒక ప్రయాణపు చీటీ వంటిది. బయలుదేరిన స్టేషను దాని మీద అచ్చుపడియున్నది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు రాజమహేంద్రవరములో పుట్టి పెరిగిరి. కాని వారి పూర్వులు ఎక్కడో దక్షిణమున ఉన్న కందుకూరు నుండి వచ్చిరని ఇంటిపేరే చెప్పుచున్నది. మన ముక్తేశ్వరమునకు చేరువనే, అయినవిల్లి మండలములోనే నేదునూరు ఉన్నది. ఆ పేరు గల ఊళ్లు తెలంగాణలోను కలవు. కర్ణాటక సంగీతములో సంగీత కళానిధి బిరుదు పొందిన నేదునూరి కృష్ణమూర్తిగారు పిఠాపురము ప్రాంతములోని కొత్తపల్లిలో జన్మించిరి. జానపద గేయములను ఊరూర తిరిగి సేకరించినవారు నేదునూరి గంగాధరంగారు. అమలాపురము దగ్గర పాలగుమ్మి అను గ్రామము కలదు. ‘గాలివాన’ కథతో 1952లో అంతర్జాతీయ కథల పోటీలో బహుమతి తెచ్చిన పాలగుమ్మి పద్మరాజుగారి ఇంటిపేరు అదే. పల్లెల కష్టములను పత్రికలలో వ్రాసి 2007లో మెగసెసే పురస్కారము పొందిన పాలగుమ్మి సాయినాథ్‌గారి ఇంటిపేరును అదే.

ఊరి పేరు ఇంటిపేరగునప్పుడు తెలుగు వ్యాకరణము దానికి చిన్న మార్పు చేయును. ఇల్లు ‘ఇంటి’ అయినట్లే, ఊరు ‘ఊరి’ అగును. నేదునూరు నేదునూరి అయినది. పొలమూరు పొలమూరి అయినది. వరముతో ముగియు ఊళ్లకు ‘వరపు’ వచ్చును: గన్నవరము గన్నవరపు, వేమవరము వేమవరపు. పల్లి, పూడి, లంక అనునవి మారవు. మన కోనసీమకు ప్రత్యేకముగా చెప్పదగినది ‘కుర్రు’. పుల్లేటికుర్రు, మోడేకుర్రు, బిళ్లకుర్రు, సాకుర్రు, పోతుకుర్రు అని మనకు ఎన్ని ఊళ్లు లేవు! ఇంటిపేరగునప్పుడు కుర్రు ‘కుర్తి’ అగును. పుల్లేటికుర్తి వారు, మోడేకుర్తి వారు, బిళ్లకుర్తి వారు, సాకుర్తి వారు అట్లు ఏర్పడినవారే. గుంటూరు వైపు పెనుమర్రు పెనుమర్తి అయినదియు ఈ సూత్రమును బట్టియే. ఈ చిన్న సూత్రము తెలిసినచో, వినుటకు అర్థము లేనట్లు తోచు ఇంటిపేరు వెనుక చిరునామా కనబడును.

మన ప్రాంతమున ఇంత వలస ఎందుకు? గోదావరి మధ్య బ్రతుకువారికి ఊరు స్థిరము కాదు. గౌతమి ఒక గట్టు కోసి మరియొక గట్టున మేట వేయును. ఈ యేడు కొబ్బరితోట ఉన్న లంక మూడేండ్లకు నీటిలో ఉండవచ్చును. 1986 ఆగస్టు వరదలను చూచినవారు, 1996 నవంబరు 6 నాటి తుపానును చూచినవారు మన సంఘములలో ఇంకను ఉన్నారు. ఒక్క రాత్రిలో ఊరు ఎట్లు విడువవలసి వచ్చునో వారినడుగుడు. వరద తరిమినప్పుడు కొందరు, కాలువలు త్రవ్వునప్పుడు కూలికి కొందరు, ఆడపడుచును ఇచ్చిన ఊరికి కొందరు, అప్పు తీర్చలేక రాత్రికి రాత్రి కొందరు కదలిరి. వెళ్లునప్పుడు వారు ఇల్లు మోసికొని పోలేదు, భూమి మోసికొని పోలేదు. ఊరి పేరును మాత్రము మోసికొని పోయిరి.

‘గంటి’ ఇంటిపేరు

ఇప్పుడు ఒక్క ఇంటిపేరును తీసికొని కొంచెము నిదానముగా చూతము. కొత్తపేట మండలములో గంటి అను గ్రామము కలదు. పి. గన్నవరము మండలములో గంటి పెదపూడి కలదు. కోనసీమలో ‘గంటి’ అను ఇంటిపేరు ప్రసిద్ధము.

ఈ మాట వినగానే కొందరు గుడిగంటను తలంతురు. ఉత్తరాంధ్రలో సజ్జలను గంటెలు అందురు గనుక కొందరు పంటను తలంతురు. ఇంటిపేర్లకు అర్థము చెప్పువారు ఎక్కువగా తప్పటడుగు వేయునది ఇక్కడే. ధ్వని పోలికను బట్టి కథ అల్లుట సులభము. కాని ఊరి పేరుకు అర్థమేమి అనునది ఒక ప్రశ్న; ఆ ఊరి వలన వచ్చిన ఇంటిపేరుకు అర్థమేమి అనునది వేరొక ప్రశ్న. చింతలపూడి వారికి చింతచెట్టుతో సంబంధము లేదు, ఊరితోనే సంబంధము. అట్లే గంటి అను ఊరు కోనసీమ నడుమ ఉండగా, గంటి వారి పేరుకు మూలము వెదకుచు గుడిగోపురము ఎక్కనక్కరలేదు, సజ్జచేలకు పోనక్కరలేదు. గంటి నుండి వచ్చినవారు గంటి వారు. ఇదే సహజమైన అర్థము.

ఈ ఇంటిపేరుతో ప్రసిద్ధికెక్కిన ఇద్దరిని చూడుడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో తెలుగు ఆచార్యులుగా ఉండి ‘ఆంధ్ర భాషా వికాసము’ అను గొప్ప గ్రంథము వ్రాసిన గంటి జోగి సోమయాజిగారు ఒకరు. బ్రాహ్మణ కుటుంబములో జన్మించిన పండితులు. రెండవవారు గంటి మోహనచంద్ర బాలయోగిగారు. 1951 అక్టోబరు 1న, యానామునకు ఎదురుగా గౌతమి ఒడ్డున ఉన్న ఎదుర్లంకలో దళిత కుటుంబములో జన్మించి, న్యాయవాదియై, 1987లో తూర్పు గోదావరి జిల్లా పరిషత్తు అధ్యక్షులై, 1991లో అమలాపురము నుండి లోక్‌సభకు ఎన్నికై, 1998 మార్చి 24న ఆ సభకు స్పీకరు అయిరి. ఆ పీఠము మీద కూర్చున్న మొదటి దళితుడు ఆయనే. 2002 మార్చి 3న హెలికాప్టరు ప్రమాదములో మరణించిరి. యానాము, ఎదుర్లంకల నడుమ గౌతమి మీది వారధి ఆయన పేరున ఉన్నది.

ఒకరు పండితుల అగ్రహారమునకు చెందినవారు, ఒకరు లంక పల్లెకు చెందినవారు. ఇంటిపేరు ఒక్కటే. ఇందులో వింత లేదు. ఒక ఊరినుండి ఒక్క కులమువారే వలస పోవుట లేదు. బ్రాహ్మణుడు పోయెను, కాపు పోయెను, కమ్మరి పోయెను, మాలపల్లె వాడును పోయెను. కొత్త ఊరివారు అందరిని పాత ఊరి పేరుతోనే పిలిచిరి. కొత్తపల్లి, గొల్లపల్లి, దేవరపల్లి వంటి ఇంటిపేర్లు పలు కులములలో కనబడుటకు కారణమిదే. ఇంటిపేరు విని కులము తెలిసికొంటినని సంతోషించువాడు, రైలు టిక్కెట్టు మీద స్టేషను పేరు చూచి ప్రయాణికుని వృత్తి చెప్పువాని వంటివాడు.

మరియొక సంగతి. బాలయోగిగారు దేశమంతటికి జి.ఎం.సి. బాలయోగిగానే తెలియును. ఆ మూడక్షరములలో మొదటిదే గంటి. ఢిల్లీ పత్రికలు చదివినవారిలో ఎందరు ఆ ‘జి’ వెనుక ఒక కోనసీమ ఊరున్నదని ఎరుగుదురు? ఒక్క అక్షరముగా కుదించినప్పుడు ఇంటిపేరు తన కథ చెప్పుట మానివేయును.

పని, జంతువు, రూపము

ఇంటిపేర్లన్నియు ఊళ్లనుండియే రాలేదు. కొన్ని జంతువుల పేర్లు: గుర్రము, ఏనుగు, నక్కా, పులి. కొన్ని చెట్లు, వంటింటి దినుసులు: చింతా, వేప, మిరియాల, అల్లం, పప్పు. కొన్ని మనిషి రూపమును బట్టి ఎగతాళిగా మొదలై నిలిచిపోయినవి: మీసాల, గడ్డము. మన వైపు గడ్డమును ‘గెడ్డం’ అని పలుకుట అలవాటు గనుక ఇంటిపేరును గెడ్డం అనియే నిలిచినది. ఏ తాతకో గడ్డము ఉండెను; ఆయన పోయి వంద యేండ్లయినది; మునిమనుమరాండ్రును గెడ్డం వారే!

వీటిలో కొన్ని పేర్లు మోయువారు మొదట నవ్వుల పాలయిరి. కాని మనుష్యుడు తన పేరుకు గౌరవము తెచ్చునే గాని పేరు మనుష్యునికి తేదు. “ఇంటిపేరు కస్తూరివారు, ఇల్లంతా గబ్బిలాల కంపు” అని మన పెద్దలన్నది అందుకే. బోయి అనగా పల్లకీ మోయువాడు. ఆ ఇంటిపేరు గల భీమన్నగారు 1911లో మన మామిడికుదురులో పుట్టి, ‘గుడిసెలు కాలిపోతున్నై’ కావ్యమునకు 1975లో సాహిత్య అకాడమీ బహుమానము, 2001లో పద్మభూషణ్ బిరుదము పొందిరి. వినుకొండలో 1895లో పుట్టిన జాషువాగారి ఇంటిపేరు గుర్రము. తెలుగు ఇంటిపేరు, బైబిలు పేరు ప్రక్కప్రక్కన నిలిచి, ‘గబ్బిలము’ వ్రాసిన మహాకవి పేరయినవి. ఇప్పుడు ఆ మాట వినినవారికి మొదట గుర్తుకు వచ్చునది కవియే.

బాప్తిస్మములో మారినది, మారనిది

ఇక మన సంఘముల చరిత్రకు వత్తము. బాప్తిస్మము పొందినప్పుడు మన పూర్వులు చాలమంది పేరు మార్చుకొనిరి. యోహాను, పౌలు, అబ్రాహాము, మోషే అని బైబిలు పేర్లు కొందరు. రత్నము, కరుణ, శాంతమ్మ, సువార్తమ్మ, కృపావరము అని తెలుగు పేర్లు కొందరు పెట్టుకొనిరి. కాని ఇంటిపేరు మార్చుకొనలేదు. ఇది సామాన్యమైన సంగతి కాదు. పదునారవ శతాబ్దములో గోవాలో పోర్చుగీసువారి చేతులలో బాప్తిస్మము పొందినవారికి ఫెర్నాండెజ్, డిసౌజా అను పోర్చుగీసు ఇంటిపేర్లు వచ్చినవి. పాత పేరుతో పాటు పాత ఊరును చెరిగిపోయినది. తమిళ సోదరులకు ఇంటిపేరు వాడుక తక్కువ; తండ్రి పేరు మొదటి అక్షరమే ముందు నిలుచును, తరము మారగానే అదియు మారును. మన తెలుగు సంఘములలో మాత్రము ఇంటిపేరు క్రీస్తు విశ్వాసముతో పాటు నడచి వచ్చినది. అది ఏ దేవత పేరు కాదు, ఊరి పేరు గాని పని పేరు గాని మాత్రమే గనుక దానిని విడువవలెనని ఎవరును తలంపలేదు.

అంతకంటె గొప్ప సంగతి మరియొకటి కలదు. ఆ దినములలో కామందుల లెక్క పుస్తకములలో పల్లెవానిని కులముతో కలిపి పొట్టిపేరుతో వ్రాయుట మామూలు. పిలుపులోను అంతే, ముసలివాడైనను చివర ‘గాడు’ తగిలించి పిలిచెడివారు. అతనికిని ఒక ఇంటిపేరున్నదని వ్రాయవలసిన అవసరము వారికి తోచలేదు. బాప్తిస్మపు రిజిస్టరులో అట్లు కాదు. అక్కడ ఇంటిపేరు, పూర్తి పేరు, తండ్రి పేరు, తల్లి పేరు, ఊరు అని వరుసగా వ్రాయవలెను. చాల కుటుంబములకు తమ పేరు నిండుగా కాగితము మీద పడుట అదే మొదటిసారి. చెదలు తినగా మిగిలిన ఆ పుస్తకములను పాత కాగితములని పెట్టె అడుగున వేయుట తగదు. అవి మన గౌరవపత్రములు.

రెండు పేర్లు, ఒక ఇల్లు

నేడు మన సంఘములలో చాలమందికి రెండేసి పేర్లున్నవి. గుడిలో ఒక పేరు, బడిలో ఒక పేరు. దీనికి కారణము అందరికి తెలిసినదే గాని ఎవరును వ్రాయరు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారము షెడ్యూల్డు కులముల హోదా మొదట హిందువులకు మాత్రమే ఇయ్యబడినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేసిరి. క్రైస్తవులకు వర్తింపలేదు. మన రాష్ట్రములో దళిత క్రైస్తవులను వెనుకబడిన తరగతులలో ‘సి’ వర్గముగా చేర్చిరి. అందుచేత బిడ్డ భవిష్యత్తునకు భయపడి తండ్రి బడిలో ఒక పేరు చెప్పును, గుడిలో తల్లి మరియొక పేరుతో పిలుచును. ఇందులోని న్యాయాన్యాయములను తీర్చుట ఈ వ్యాసము పని కాదు. కాని ఆ బిడ్డ మనసులో జరుగునది సంఘకాపరులమైన మాకు తెలియును. ఏది నా నిజమైన పేరు అను ప్రశ్న వానిని చాలకాలము వెంటాడును. ఆ రెండు పేర్లకు ముందు మారక నిలిచినది ఇంటిపేరు ఒక్కటే. రెండు కాగితముల మనిషిని ఒక్క మనిషిగా కట్టియుంచు ముడి అది. అట్టి ముడిని సిగ్గుపడి విప్పుకొనుట మేలా?

ఇంటిపేరు మన పెండ్లిండ్లలోను పని చేయుచున్నది. ఒకే ఇంటిపేరు గలవారు ఒక వర్గములో అన్నదమ్ముల వరుస అని మన పెద్దల నియమము. క్రైస్తవులమైన తరువాతను దానిని విడువలేదు. దేవాలయములో వివాహ ప్రకటన చదివినప్పుడు ముసలమ్మలు చెవియొగ్గి వినునది మొదట ఇంటిపేర్లనే. 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము నోటీసు కోరుచున్నది. మన ముసలమ్మల చట్టము అంతకంటె పాతది.

స్త్రీల విషయములో మాత్రము మన లెక్కలలో లోటున్నది. పెండ్లియైన స్త్రీకి మెట్టినింటి పేరు వచ్చును. పుట్టినింటి పేరు కాగితములనుండి జారిపోవును. సంఘమునకు రాళ్లెత్తిన తల్లులను, పల్లెలు తిరిగి వాక్యము చెప్పిన బైబిలు స్త్రీలను మన పుస్తకములు ‘ఫలానివారి భార్య’ అనియో, ఒట్టి ‘మరియమ్మ’ అనియో వ్రాసినవి. ఒక సంఘములో మరియమ్మలు ఎందరుందురో మీకు తెలియనిది కాదు. పుట్టినింటి పేరు లేనందున వారిలో ఎవరు ఏమి చేసిరో నేడు విడదీయుట దుర్లభము.

విదేశపు కాగితములు

మన కోనసీమనుండి కువైటుకు, మస్కటుకు, దుబాయికి పని కొరకు పోయిన అన్నదమ్ములు, అక్కచెల్లెండ్రు ఏ సంఘములో లేరు? పాస్‌పోర్టు కాగితములో ఇంటిపేరుకు ఒక గడి, సొంత పేరుకు ఒక గడి ఉండును. మనకు ఇంటిపేరు ముందు, పాశ్చాత్యులకు చివర. బడి సర్టిఫికెట్టులో ఒక్క అక్షరము, ఆధారు కార్డులో పూర్తి పేరు, పాస్‌పోర్టులో తిరుగవేసిన పేరు ఉన్నచో ముగ్గురు మనుష్యులగుదురు. ఇంగ్లీషు అక్షరములతో మరియొక చిక్కు. అందులో ద, డ లకు భేదము లేదు. త, ట లకు లేదు. పూర్వపు దొరలు అకారమునకు కొన్నిచోట్ల వేరొక అక్షరము వాడుటచేత, గంటి అని చెప్పినది గుంటి అని చదువుటకు వీలగును. తెలుగులో వ్రాసిన ఇంటిపేరుకు ఈ బాధ లేదు. కాబట్టి రిజిస్టరు ఇంగ్లీషులో ఉన్నను ప్రక్కన తెలుగులో వ్రాయుట క్షేమము.

ముగింపు

2022 ఏప్రిల్ 4న మన కోనసీమ వేరు జిల్లా అయినది. ఆ యేడే దానికి డాక్టరు బి.ఆర్. అంబేద్కరు పేరు చేర్చిరి. ఆ పేరు కొరకు మే 24న అమలాపురములో ఇండ్లు తగులబడినవి. ఆ దినమున మనము తలలు వంచుకొన్నాము. పేరు చిన్న సంగతి కాదని ఆ మంటలు చెప్పినవి. ఇప్పుడు ఒక్క విషయము ఆలోచింపుడు. అంబేద్కరుగారి తండ్రి ఇంటిపేరు సక్పాల్. వారి పూర్వుల ఊరు మహారాష్ట్రలో రత్నగిరి జిల్లాలోని అంబడవే. ఆ ఊరి పేరే బడి పుస్తకములో కుమారునికి ఇంటిపేరై, అంబేద్కర్‌గా స్థిరపడినది. అనగా మన జిల్లా పేరులో నేడున్నది, ఊరు విడిచిన ఒక కుటుంబము మోసికొని వచ్చిన ఊరి పేరే. గంటి వారికి, నేదునూరి వారికి, సాకుర్తి వారికి జరిగినదే ఆ మహనీయునికిని జరిగినది. కొంకణములోనైనను కోనసీమలోనైనను మనుష్యుల కథ ఒక్కటే.

కావున మా విన్నపము మూడు మాటలలో చెప్పెదము. సంఘపు రిజిస్టర్లలో ఇంటిపేరును ఒక్క అక్షరముగా గాక పూర్తిగా, తెలుగులో వ్రాయించుడు. పెండ్లి పుస్తకములో వధువు పుట్టినింటి పేరు తప్పక వ్రాయించుడు. మీ ఇంట ఎనుబది యేండ్లు దాటిన పెద్దలున్నచో ఈ వారమే వారి ప్రక్కన కూర్చుండి, మన ఇంటిపేరు ఏ ఊరిది, ఆ ఊరు ఎందుకు విడిచితిమి, మొదట బాప్తిస్మము పొందినది ఎవరు అని అడిగి ఒక కాగితము మీద వ్రాసికొనుడు. ఆ కాగితమును కుటుంబ బైబిలులో ఉంచుడు.

ఇక ఎవరైనను, “తమరి ఇంటిపేరేమిటండి?” అని అడిగినప్పుడు మన యువకులు తల దించనక్కరలేదు. నిండుగా చెప్పవచ్చును, చెప్పి, అది ఏ ఊరో, ఏ వరదకు తమ తాతలు ఆ ఊరు విడిచిరో కూడ చెప్పవచ్చును. అడిగినవానికి కావలసినది వేరైనను, అతనికి దొరకునది చరిత్ర.